నొప్పి లేని మచ్చ, పొరుగువాని హక్కు

ఉర్దూ ఎరిగిన మన ఇళ్లలో ‘దిల్‌ఆజారీ’ అనే మాట తెలియనివారు ఉండరు. ఎదుటివారి మనసు నొప్పించడమని దాని అర్థం. అందులోని ‘ఆజార్’ ఫారసీ పదం. నొప్పి, బాధ, వ్యాధి అనే అర్థాలన్నీ దానికి ఉన్నాయి. బీహార్, బెంగాల్ పల్లెలను నూరేళ్లకు పైగా పీడించిన ఒక జ్వరానికి అక్కడివారు ‘కాలా ఆజార్’ అని పేరు పెట్టుకొన్నారు. రోగి ఒంటి రంగు నల్లబారుతుంది గనుక అది నల్ల వ్యాధి అయింది. ఈ నెల మేము ప్రస్తావించదలచినది ముఖ్యంగా ఆ జ్వరాన్ని కాదు, జ్వరం తగ్గిన తరువాత చర్మం మీద తేలే దాని శేషాన్ని. పేరులోనే నొప్పిని మోస్తున్న ఈ వ్యాధి చర్మానికి చేరాక ఏ నొప్పీ పెట్టదు. అసలు చిక్కు అక్కడే ఉన్నది.

ఎక్కడో గంగానది ఆవలి రోగం గురించి తెలుగు పాఠకులకు ఎందుకని కొందరు అడుగవచ్చును. కాలా ఆజార్ మన రెండు తెలుగు రాష్ట్రాలలో వ్యాపించే వ్యాధి కాదు, నిజమే. కాని అరరియా, పూర్ణియా, కిషన్‌గంజ్, కటిహార్ జిల్లాల పిల్లలు మన మద్రసాలలో చదువుకొంటున్నారు. వారి అన్నలు, బాబాయిలు మన రైసు మిల్లులలో, ఇళ్ల నిర్మాణాలలో కూలి చేస్తున్నారు. మన మస్జిదులలో మన పక్కనే సఫ్‌లో నిలబడుతున్నారు. ఆ పిల్లవాని చెంపమీద మచ్చ కనబడినప్పుడు దానికి ఏ పేరు పెట్టాలో మనకు తెలియకపోతే, తోచిన పేరే పెడతాము. అలా పెట్టిన పేరు ఆ పిల్లవానిని జీవితాంతం వెంటాడగలదు.

ముందు ఈ వ్యాధిని మోసే కీటకం సంగతి చెప్పుకోవాలి. బీహార్ పల్లెలలో దానిని ‘బాలూ మఖ్ఖీ’ అంటారు, అనగా ఇసుక ఈగ. పేరుకే ఈగ. దోమలో మూడో వంతు మాత్రమే ఉంటుంది. దోమవలె చెవిదగ్గర రొద చేయదు. వాలినప్పుడు రెక్కలను పైకెత్తి నిలుపుకొంటుంది. దూరం ఎగరలేదు, గోడ మీద చిన్న చిన్న గెంతులు వేస్తూ పోతుంది. దోమకు నిలిచిన నీరు కావాలి, దీనికి అక్కరలేదు. పేడ, చెత్త కలిసి చెమ్మగా ఉన్న మట్టి, మట్టిగోడల పగుళ్లు, పశువుల కొట్టాలలోని చీకటి మూలలు దానికి చాలు. పగలంతా ఆ పగుళ్లలో దాగి, పొద్దుగుంకిన తరువాత బయటకు వస్తుంది. పశువుల రక్తమూ త్రాగుతుంది, మనిషి రక్తమూ త్రాగుతుంది. మట్టిగోడల ఇంటిలో, పశువుల కొట్టాన్ని ఆనుకొని, నేలమీద పడుకొనేవారే దానికి సులభంగా దొరుకుతారు. ఇది పేదవాని వ్యాధి కావడానికి కారణం ఇంతే. ఇందులో శాపమూ లేదు, వంశదోషమూ లేదు.

ఈ జాతి ఈగలు మన ప్రాంతంలో లేవనుకోవడం పొరపాటు. 2003 జూన్ మొదలు ఆగస్టు వరకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పిల్లలను కబళించిన మెదడు జ్వరం పెద్దలకు గుర్తుండే ఉంటుంది. 329 మంది పిల్లలు ఆ జ్వరం బారినపడగా 183 మంది మరణించారు. దానికి కారణమని పరిశోధకులు చెప్పిన చండీపురా వైరస్‌ను మోసేవి కూడా ఇసుక ఈగలేనని భావిస్తున్నారు. కేరళలో, తిరువనంతపురం జిల్లా అడవులలో నివసించే కాణి గిరిజనులలో ఇసుక ఈగ వల్ల వచ్చే చర్మవ్యాధి బయటపడింది. ఆ పుండ్లకు కారణం కాలా ఆజార్ కలిగించే పరాన్నజీవే. కనుక మన గోడల పగుళ్లు బీహార్ గోడల పగుళ్లకన్నా పవిత్రమైనవేమీ కావు.

కాలా ఆజార్‌లో ఈగ కాటుతో లోపలికి పోయిన పరాన్నజీవి ప్లీహంలో, కాలేయంలో, ఎముకల మూలుగలో చేరి పెరుగుతుంది. రెండు వారాలకు మించి వదలని జ్వరం, ఎడమవైపు డొక్కలో గట్టిగా తగిలే ప్లీహం, పాలిపోవడం, బక్కచిక్కిపోవడం దాని లక్షణాలు. చికిత్స లేకపోతే నూటికి తొంభై అయిదు మందికి పైగా మరణిస్తారు. చికిత్స దొరికితే బ్రతుకుతారు. అలా బ్రతికి బయటపడినవారిలో, మన ఉపఖండంలో నూటికి అయిదు మొదలు పదిమంది వరకు, ఆరు నెలలకో ఏడాదికో, కొన్ని సందర్భాలలో అనేక సంవత్సరాలకో చర్మం మీద పాలిన మచ్చలు తేలుతాయి. ముఖం మీద, చేతుల మీద, వీపు మీద రంగు తగ్గిన మచ్చలుగా మొదలై, కొందరికి గడ్డం చుట్టూ, పెదవుల దగ్గర చిన్న చిన్న బుడిపెలుగా లేస్తాయి. కొద్దిమందికైతే మునుపు జ్వరం వచ్చిన గుర్తే ఉండదు. బీహార్ ఆరోగ్య కార్యకర్తలు దీనిని ‘చమ్‌డీ వాలా కాలాజార్’, అనగా చర్మ కాలా ఆజార్ అంటారు.

ఈ వ్యాధి చరిత్రలో మన దక్షిణాదికీ ఒక పాత్ర ఉన్నది. కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు రాజధానిలో భాగంగా ఉన్న 1903లో, మద్రాసు ప్రభుత్వ ఆసుపత్రిలో పనిచేస్తున్న వైద్యుడు చార్లెస్ డోనోవన్ రోగి ప్లీహం నుండి తీసిన ద్రవంలో ఈ పరాన్నజీవిని చూశారు. అదే సంవత్సరం విలియం లీష్మన్ అనే సైనిక వైద్యుడు, కలకత్తా సమీపాన డమ్‌డమ్‌లో జ్వరం సోకి చనిపోయిన ఒక సైనికుని శరీరంలో దీనిని చూసిన సంగతి ప్రకటించారు. ఇద్దరి పేర్లూ కలిపి పరాన్నజీవికి ‘లీష్మేనియా డోనోవని’ అని నామకరణం చేశారు. తరువాత కలకత్తా క్యాంప్‌బెల్ ఆసుపత్రిలో, విద్యుత్తుగాని కొళాయి నీరుగాని లేని ఒక చిన్న గదిలో, కిరసనాయిలు దీపం వెలుగులో ఉపేంద్రనాథ్ బ్రహ్మచారి యూరియా స్టిబమైన్ అనే మందును తయారుచేశారు. అది 1920 నాటి మాట. ఆ మందు లక్షల ప్రాణాలు కాచింది. జ్వరం నయమైనవారి చర్మం మీద తిరిగి తేలే ఈ మచ్చలను 1922లో మొదట వర్ణించినవారు కూడా ఆయనే.

సందర్భం వచ్చింది గనుక ఒక మాట. ఇసుక ఈగ వల్లనే వచ్చే మరో చర్మవ్యాధి, పుండు పడి మచ్చ మిగిల్చేది, ఇస్లామీయ ప్రపంచానికి అతి ప్రాచీన పరిచయం. వెయ్యేళ్ల క్రితం ఇబ్నె సీనా వంటి వైద్యులు దానిని బల్ఖ్ పట్టణం పేరుతో ‘బల్ఖ్ పుండు’ అని ప్రస్తావించారని వైద్య చరిత్రకారులు చెబుతారు. హలబ్ నగరవాసులు, మానడానికి ఏడాది పడుతుంది గనుక, ‘ఏడాది పుండు’ అనేవారు. ఆ పుండు కళ్లకు కనబడుతుంది, అందరూ గుర్తిస్తారు. మన బీహార్ మచ్చ సంగతి వేరు.

అది దురద పెట్టదు, మంట పెట్టదు, పనికి అడ్డురాదు. జ్వరంతో మంచాన పడ్డప్పుడు ఇల్లు తాకట్టు పెట్టి అయినా ఆసుపత్రికి పరుగెత్తిన కుటుంబం, ఈ మచ్చ కోసం ఒక రోజు కూలి వదులుకోదు. శోభి అనుకొంటారు, బొల్లి అనుకొంటారు, సంతలో దొరికే లేపనం పూస్తారు. ఇట్లా సంవత్సరాలు గడుస్తాయి. అయితే ఆ మచ్చలో పరాన్నజీవులు సజీవంగా ఉంటాయి. రాత్రి ఆ చెంపమీద వాలిన ఇసుక ఈగ వాటిని గ్రహిస్తుంది. కొన్నాళ్లకు అదే ఈగ గోడ దాటి పక్కింటి పసివానిని కుడుతుంది. మచ్చ ఉన్నవానికి ప్రాణభయం లేదు. పక్కింటి పసివానికి వచ్చేది మచ్చ కాదు, ప్రాణాంతకమైన జ్వరం.

గత చరిత్ర దీనిని సమర్థిస్తున్నది. మలేరియా నిర్మూలన కోసం 1950, 60 దశకాలలో ఊరూరా డి.డి.టి. చల్లినప్పుడు దోమలతోపాటు ఇసుక ఈగలూ చచ్చాయి, కాలా ఆజార్ దాదాపు మాయమైంది. చల్లడం ఆగింది. 1977 నాటికి ఉత్తర బీహార్‌లో వ్యాధి మహమ్మారిగా తిరిగి లేచింది. మధ్య కాలమంతా ఆ పరాన్నజీవి ఎక్కడ దాగి ఉన్నట్లు? చికిత్స పొందని చర్మ రోగుల శరీరాలలోనేనని చాలామంది పరిశోధకుల అభిప్రాయం. పశ్చిమ బెంగాల్‌లోని 24 పరగణాలలో తరువాత వ్యాపించిన కాలా ఆజార్‌ను పరిశీలించినవారు సైతం దాని మొదలును ఇటువంటి చర్మ రోగి దగ్గరే వెదికారు.

2005లో భారత్, బంగ్లాదేశ్, నేపాల్ కలిసి ఈ వ్యాధిని తొలగిస్తామని ఒప్పందం చేసుకొన్నాయి. పదివేల జనాభాకు ఏడాదికి ఒక్క కేసుకన్నా తక్కువకు తేవడం లక్ష్యం. మన దేశంలో గడువు 2010 అన్నారు, తరువాత 2015, 2017, 2020 అన్నారు. చివరకు 2023లో బీహార్, జార్ఖండ్, ఉత్తరప్రదేశ్, పశ్చిమ బెంగాల్‌లలోని 54 జిల్లాల 633 బ్లాకులూ ఆ మేరకు చేరాయి. బంగ్లాదేశ్ అదే ఏడాది అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరణ పొందింది. అల్‌హమ్దులిల్లాహ్, ఇది చిన్న విజయం కాదు. అయితే జ్వర రోగులు ఇంతగా తగ్గిన ఈ సమయంలోనే, ఎవరికీ కనబడకుండా ఒక మచ్చను మోస్తున్న మనిషి మునుపెన్నడూ లేనంత ముఖ్యుడయ్యాడు.

అతడు ఎందుకు బయటకు రాడు? నొప్పి లేకపోవడం ఒక కారణం. మేము దానికన్నా పెద్ద కారణం భయమంటాము. మచ్చను చూసినవారు అనే మొదటి మాట ‘జుజామ్’, అనగా కుష్ఠు. ఆ మాటకు మన సమాజంలో ఎంత బరువు ఉన్నదో ఫిఖ్హ్ చదివినవారికి చెప్పనక్కరలేదు. జుజామ్, బరస్ (తెల్ల మచ్చల వ్యాధి) అనే రెండూ నికాహ్ అధ్యాయంలో చర్చకు వస్తాయి. ఇమామ్ మాలిక్, ఇమామ్ షాఫిఈ, ఇమామ్ అహ్మద్ (రహ్మ) దృష్టిలో ఇవి వివాహాన్ని రద్దు చేయించుకొనే హక్కును కలిగించగల లోపాలు. ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) దానిని అంగీకరించలేదు. ఆయన శిష్యులు ఇమామ్ ముహమ్మద్ (రహ్మ) మాత్రం భర్తకు ఈ వ్యాధులున్నప్పుడు భార్యకు ఆ హక్కు ఉన్నదన్నారు. ఇంత సూక్ష్మంగా ఆలోచించిన మహనీయుల పదాలను, మనం అరుగు మీద కూర్చొని ఒక ఆడపిల్ల చెంప చూసి విసరివేస్తున్నాము. కుదిరిన సంబంధం తప్పిపోతుంది. ఆ తరువాత ఆ ఊరిలో మరే తల్లీ తన కూతురి మచ్చను ఆసుపత్రికి చూపదు. ముసుగు మరికాస్త కిందికి దించుతుంది.

రెండింటికీ తేడా తెలుసుకోవడానికి ఒక గుర్తు ఉన్నది. కుష్ఠు మచ్చకు సాధారణంగా స్పర్శ తెలియదు. చర్మ కాలా ఆజార్ మచ్చకు స్పర్శ మామూలుగానే ఉంటుంది. ఇది తుది తీర్పు కాదు, తీర్పు వైద్యునిది. వేలికొన నుండి తీసే రక్తపరీక్ష ఒక్కటే చాలదు, మచ్చ దగ్గర చర్మాన్ని కొద్దిగా తీసి పరీక్షించవలసి రావచ్చును. కుష్ఠుకు సైతం నేడు పూర్తి చికిత్స ఉన్నదని, మందు మొదలైన కొద్ది రోజులకే అది ఇతరులకు సోకడం ఆగిపోతుందని కూడా ఇక్కడే చెప్పడం న్యాయం. ఒక రోగిని కాపాడడానికి మరొక రోగిని అవమానించనక్కరలేదు.

కొన్నేళ్ల క్రితం మాకు తెలిసిన ఒక మద్రసాలో ఇట్లే జరిగింది. అరరియా నుండి వచ్చిన పదమూడేళ్ల పిల్లవానికి గడ్డం మీద, చెంపల మీద మచ్చలు. తోటి పిల్లలు దస్తర్‌ఖాన్ మీద అతని పళ్లెం దూరంగా జరిపారు. వారిని తప్పుపట్టలేము, ఎవరూ వారికి చెప్పలేదు. పట్టణంలో చూపిన వైద్యుడు మొదట శోభి మందు వ్రాశారు. రెండవసారి వెళ్లినప్పుడు వెంట వెళ్లిన ఉస్తాద్ పిల్లవాని సొంత జిల్లా పేరు, చిన్నతనంలో నెలకు పైగా జ్వరం వచ్చి జిల్లా ఆసుపత్రిలో సూది ఎక్కించిన సంగతి చెప్పారు. వైద్యుడు కలం పక్కన పెట్టి, పిల్లవానిని మళ్లీ వెలుతురులోకి రమ్మన్నారు. మన ప్రాంత వైద్యులు ఈ వ్యాధిని అరుదుగా చూస్తారు, అది వారి లోపం కాదు. ఏ జిల్లావాడు, ఎప్పుడైనా దీర్ఘ జ్వరం వచ్చిందా అనే రెండు మాటలు మనం చెబితే వారికి దారి దొరుకుతుంది. పిల్లవాడు ఊరికి వెళ్లి మందు పూర్తిచేసుకొని మరుసటి ఏడాది వచ్చాడు. హిఫ్జ్ ఆగిన సూరా దగ్గరి నుండే తిరిగి మొదలుపెట్టాడు.

అంటువ్యాధి విషయంలో హదీసు విద్యార్థులు ఏటా అడిగే ప్రశ్న ఒకటి ఉన్నది. కుష్ఠు రోగికి దూరంగా ఉండుమన్న బోధ ఒకవైపు, ప్రవక్త మహనీయులు (స) స్వయంగా అట్టి రోగి చేయి పట్టి తమతోపాటు భుజింపజేసిన ఉల్లేఖనం మరొకవైపు ఉన్నాయి కదా, వీటిని ఎట్లా కలపాలని. ముహద్దిసీన్ ఇచ్చిన సమాధానాలు విపులమైనవి, ఇక్కడ వాటికి చోటు చాలదు. మనం చెప్పుకొంటున్న వ్యాధికి ఆ చర్చే అవసరం లేదు. చర్మ కాలా ఆజార్ చేయి కలిపితే రాదు. ఒకే పళ్లెంలో తింటే రాదు. ఒకే జానమాజ్ మీద సజ్దా చేస్తే రాదు. మోసేది ఈగ మాత్రమే. కాబట్టి పళ్లెం దూరం జరిపినవాడు ఏ జాగ్రత్తా పాటించనట్లే. అతడు చేసినది దిల్‌ఆజారీ ఒక్కటే.

మరి రోగి బాధ్యత ఏమిటి? తన సొత్తును వాడుకొనే స్వేచ్ఛ కూడా పొరుగువానికి తీవ్రమైన హాని కలిగే చోట ఆగిపోతుందని ఫుఖహాలు వివరించారు. పొరుగింటిని పొగతో నింపే పొయ్యి, పక్కవాని గోడను నాననిచ్చే కాలువ వంటి ఉదాహరణలు ఆ అధ్యాయాలలో కనబడతాయి. తెలియక మచ్చను మోస్తున్నవానిమీద ఏ దోషమూ లేదు. తెలిసిన తరువాత, మందు ఉచితంగా దొరుకుతుండగా, నాకు నొప్పి లేదు కదా అని ఊరుకొన్నవాడు పొరుగువాని పసిబిడ్డ హక్కును గురించి ఆలోచించవలసి ఉంటుంది. అతడు దాచుకొనేట్లు ఎగతాళి చేసినవారి పాలు మాత్రం మా దృష్టిలో అంతకన్నా ఎక్కువ.

చికిత్స సులభమని మేము చెప్పలేము. మిల్టెఫోసిన్ గొట్టాలు పన్నెండు వారాలపాటు, అన్నం తిన్న తరువాత మ్రింగాలి. వాంతులు, విరేచనాలు కలుగవచ్చును. కన్ను ఎర్రబారినా, చూపు మసకబారినా వెంటనే వైద్యునికి చెప్పాలి. మందు పూర్తయినా మచ్చ రంగు తిరిగి రావడానికి నెలలు పడుతుంది. అది చూసి మందు పనిచేయలేదని మధ్యలో మానేసేవారు ఎందరో. చికిత్స పూర్తిచేసిన చర్మ రోగికి ప్రభుత్వం 4,000 రూపాయలు ఇస్తున్నది. కూలిపోయిన రోజులకు అది పూర్తి పరిహారం కాదుగాని, లేనిదానికన్నా మేలు.

స్త్రీల విషయం ప్రత్యేకించి చెప్పాలి. ఈ మందు గర్భిణులు వాడరాదు, గర్భంలోని శిశువుకు ప్రమాదం. మందు వాడే కాలంలోనూ, ఆపిన తరువాత వైద్యులు చెప్పినన్ని నెలలూ గర్భం రాకుండా జాగ్రత్తపడాలి. ఈ మాట భార్యకు మాత్రమే చెబితే చాలదు, భర్తకూ చెప్పాలి. మచ్చ వీపు మీదనో ఛాతీ మీదనో ఉన్నదని పరదా కారణంగా చూపని సోదరీమణులున్నారు. వైద్యురాలు దొరికితే ఆమెకే చూపాలి. దొరకనప్పుడు అవసరం మేరకు వైద్యునికి చూపడానికి షరీఅత్‌లో వెసులుబాటు ఉన్నది. ఊరిలోని ఆశా కార్యకర్త స్త్రీయే గనుక మొదటి మాట ఆమెతో మాట్లాడడం కష్టం కాదు.

మందు చల్లేవారు ఏడాదికి రెండుసార్లు ఇంటికి వస్తారు. పరదా ఇల్లని, నమాజు గది అని, వాసన అని త్రిప్పి పంపే ఇళ్లు ఉన్నాయి. ఆడవారిని కాసేపు బయట కూర్చోబెట్టి, పడుకొనే గదిలోనూ పశువుల కొట్టంలోనూ ఆరడుగుల ఎత్తు వరకు చల్లనిస్తే చాలు. నమాజు గది గోడలో పగుళ్లు ఉంటే ఈగకు అదీ ఇల్లే. చల్లిన తరువాత పండుగ వస్తున్నదని మూడు నెలల లోపు మట్టి మెత్తితేనో సున్నం వేస్తేనో మందు కింద పడిపోయినట్లే. దోమతెర వాడేవారు కన్ను చిన్నదిగా ఉన్న తెర తీసుకోవాలి. మామూలు తెరలోనుండి ఈ ఈగ దూరిపోతుంది. ఇవన్నీ తవక్కుల్‌కు విరుద్ధమని ఎవరైనా అంటే, ఒంటెను కట్టి ఆ తరువాత అల్లాహ్‌పై భారం వేయమన్న బోధను వారికి గుర్తుచేయవచ్చును.

షాబాన్‌లో ఊళ్లకు వెళ్లిన మన విద్యార్థులు షవ్వాల్‌లో తిరిగి వస్తారు. మేము పనిచేసే చోట ప్రవేశ పత్రంలో ఈసారి రెండు వరుసలు చేర్చాము: సొంత జిల్లా, బ్లాకు ఏది; రెండు వారాలకు మించిన జ్వరం ఎప్పుడైనా వచ్చిందా. జవాబును బట్టి ఎవరినీ వెనుకకు పంపరాదని అదే కాగితం అడుగున వ్రాయించాము. అవునన్న పిల్లవానిని మొదటి వారంలోనే ఒక ఉస్తాద్ పగటి వెలుతురులో చూసి, మచ్చ ఉంటే ఆ కాగితం నకలుతో సహా చర్మవైద్యుని వద్దకు తీసుకువెళతారు. అన్నానికి మాత్రం అందరితోపాటు అదే దస్తర్‌ఖాన్ మీద కూర్చుంటాడు.